తివాచీ వీపు చూడటం మర్యాద కాదు

తివాచీ కొనబోయే పెద్దమనుషులకు మొదటి మనవి: దాన్ని తిరగేయకండి. షాపువాడు అంత ముచ్చటగా పరిచిపెట్టాక అడుగు ఎత్తి చూడటమంటే, విందుకు పిలిచినవాళ్ల వంటింట్లో దూరి గిన్నెల మూతలెత్తడమే.

పైగా తిరగేస్తే కొన్ని సంగతులు తెలిసిపోతాయి. చేత్తో ముడులు వేసిన తివాచీ అయితే ముందున్న పువ్వే వెనకా కనిపిస్తుంది, ముడులు గింజల్లా తేలి ఉంటాయి. తుపాకీలాంటి యంత్రంతో బట్టలోకి పోగులు గుచ్చిందైతే వెనక ఇంకో బట్ట అతికించి ఉంటుంది. దానికింద రబ్బరు జిగురు. పోగుల్ని పట్టి ఉంచేది అదే. కొన్నేళ్లకు అది ఎండిపోయి పిండిలా రాలుతుంది. ఎత్తి ఊడ్చినప్పుడల్లా గచ్చుమీద పొడి. పైన పటారం, లోన లొటారం. అయినా ‘హ్యాండ్‌మేడ్’ అన్న మాటలో అబద్ధం లేదు, తుపాకీ పట్టుకున్నది చెయ్యే కదా!

కుచ్చులూ లాగి చూడొద్దు. ముడుల తివాచీకి కుచ్చులంటే పడుగు దారాల కొసలే. గుచ్చినదానికి అవి విడిగా తెచ్చి కుట్టిన సవరం.

లెక్కలంటే మరీ ప్రమాదం. అంగుళం అడ్డంలో పది, నిలువులో పది ముడులున్నాయనుకోండి, చదరపు అంగుళానికి వంద. 6 అడుగుల వెడల్పు, 9 అడుగుల పొడవంటే మొత్తం 7,77,600 ముడులు. రోజుకు 6,000 వేసే మనిషి ఒక్కడే కూర్చుంటే దాదాపు 130 రోజుల పని. ఈ గుణకారం చేశాక ‘చేతిముడి, మూడు వేలే’ అన్న అట్టముక్క చూస్తే నవ్వొస్తుంది. షాపులో నవ్వితే బాగుండదు.

ఇక పట్టు సంగతి. బాంబూ సిల్క్, బనానా సిల్క్, ఆర్ట్ సిల్క్ అని పట్టుకు ఈమధ్య చుట్టాలు పెరిగారు. ఆర్ట్ అంటే కళ కాదు, ‘ఆర్టిఫిషియల్’కు ముద్దుపేరు. మామూలుగా ఇవన్నీ విస్కోసే, అంటే చెట్ల గుజ్జుతో చేసిన పోగు. తళతళ మెరుస్తుంది, చెయ్యి పెడితే జారిపోతుంది. తడిస్తే మాత్రం బలం దాదాపు సగానికి పడిపోతుంది. గ్లాసుడు నీళ్లు ఒలికితే పోగులు అణిగిపోయి, ఆరాక అక్కడ పసుపు రంగు మరక మిగులుతుంది. కాబట్టి దాహం వేసిన చుట్టాల్ని వరండాలోకి పంపండి.

అనుమానం పీడిస్తుంటే ఒక పోగు పీకి, పట్టకారుతో పట్టుకుని, స్టీలు పళ్లెం మీద అగ్గిపుల్ల చూపించే దుర్మార్గులున్నారు. ఉన్ని అయితే కమురు కంపు కొడుతుంది, మంట తీస్తే తనే ఆరిపోతుంది, మసి వేళ్ల మధ్య పొడి అవుతుంది. అసలు పట్టుదీ కమురు కంపే. విస్కోస్ కాగితంలా భగ్గున అంటుకుంటుంది, వాసనా కాగితానిదే. పాలిప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పోగు కరిగి, కొవ్వొత్తి వాసనతో గట్టి పూస కడుతుంది. ఇంత తెలిశాక బేరం ఏం రుచిస్తుంది?

పాలిప్రొపిలీన్‌ను తక్కువ చేయకండి. దారం తీయకముందే రంగు కలిపేస్తారు కనుక నీళ్లకు వెలవదు. నూనెతో మాత్రం విడదీయరాని స్నేహం: ఆవకాయ నూనె చుక్క పడిందా, అక్కడే కాపురం. సోఫా ఈడ్చారా, రాపిడి వేడికి పోగులు కరిగి నిగనిగలాడే గీత పడుతుంది. డిజైన్ అనుకోవాలి. తొక్కినచోట అణిగితే మళ్లీ లేవదు. నైలాన్ లేస్తుంది, ధర కూడా లేస్తుంది.

జనపనార గురించి చెప్పేదేముంది? వానాకాలం గోనెసంచిని వాసన చూసినవాళ్లకు తెలుసు.

అన్నిటికంటే నింద పడేది పాపం ఉన్నికి. కొత్తలో కొన్ని నెలలు నూగు రాలుస్తుంది. అది కత్తిరించినప్పుడు లోపల మిగిలిన తునకలే, తర్వాత తగ్గిపోతుంది. మనం మాత్రం రెండోవారమే ‘నాసిరకం’ అని వెనక్కి పంపేసి, నూగు రాలని ప్లాస్టిక్‌ది తెచ్చుకుంటాం. 1851లో లండన్ మహా ప్రదర్శనలో పరిచిన వరంగల్ తివాచీలు, ముడుల తివాచీలకు పేరుపడ్డ ఏలూరు మనవే అయినా, ఉన్ని గుణం మనకెవరు చెబుతారు లెండి.

కొనేముందు టేపు పట్టుకెళ్లడం మరవకండి. హాల్లో తివాచీ చుట్టూ అడుగున్నర ఖాళీ వదలాలి. ఇంటిల్లిపాదీ దాన్ని తొక్కకుండా గోడవారగా నడవటానికి ఆ మాత్రం దారి కావాలి.