ఒక్క ‘షల్’ బరువెంత?

2015 డిసెంబరు 12న పారిస్ వాతావరణ ఒప్పందం ఆమోదం పొందాల్సిన సాయంత్రం, ప్రతినిధులంతా వచ్చి కూర్చున్నా సభ ఎంతకీ మొదలు కాలేదు. నాలుగో అధికరణం నాలుగో పేరాలో చిక్కొచ్చి పడింది. ఉద్గారాల కోతలో సంపన్న దేశాలు ముందుండాలని చెప్పేచోట, అమెరికా ‘షుడ్’ ఉంటుందనుకుంటే ‘షల్’ అచ్చయింది. ‘షల్’ అంటే చట్టపరంగా తప్పించుకోలేని బాధ్యత. అలాంటి ఒడంబడికకు అమెరికా సెనేట్‌లో మూడింట రెండొంతుల మద్దతు కావాలి. అది దొరకదని అక్కడున్న అందరికీ తెలుసు. చివరికి ఆ మాటను చిన్నచిన్న అచ్చుతప్పుల సవరణలతో కలిపి చదివేసి ‘షుడ్’గా మార్చారు. ఒప్పందం గట్టెక్కింది. ఇప్పుడు ఆ రెండు మాటల్నీ తెలుగులో చెప్పి చూడండి. రెండూ ‘ఉండాలి’ అనే వస్తాయి.

హైదరాబాద్‌లో రాజనీతి శాస్త్రం ఎం.ఏ.లో చేరే విద్యార్థికి, అందులోనూ జిల్లాల్లో తెలుగు మీడియంలో డిగ్రీ చేసి వచ్చినవారికి, సీనియర్ల దగ్గర్నుంచి కోచింగ్ సెంటర్ల దాకా ఒకటే మాట చెబుతారు: ముందు ఇంగ్లిష్ సంగతి చూసుకో, ఐఆర్ (అంతర్జాతీయ సంబంధాలు) తర్వాత చదువుకోవచ్చు. దాంతో పగలు తరగతిలో నోట్సు రాసుకోవడం, సాయంత్రం అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్‌కు పరుగెత్తడం. మొదటిచోట ఇంగ్లిష్ ఎవరూ నేర్పరు, రెండోచోట ప్రపంచం ఊసే రాదు. ఏడాది తిరిగేసరికి నలుగురిలో మాట్లాడాలంటే ఉన్న జంకు పోతుంది. కానీ భద్రతా మండలి తీర్మానం ఒకటి చేతిలో పెడితే ఎక్కడ మొదలెట్టాలో తెలియదు. ఈ సబ్జెక్టుకు ఇంగ్లిష్ వడ్డించే గిన్నె కాదు, వంటలో సగం అదే. రెండింటినీ ఒకే పొయ్యి మీద పెట్టాలన్నది మా వాదన.

ఇంగ్లిష్‌లో నామవాచకం ముందు వచ్చే ‘ఎ’, ‘ఆన్’, ‘ద’ లాంటి ఆర్టికల్స్ తెలుగులో లేవు. ‘బల్ల మీద పుస్తకం ఉంది’ అంటే ఏ పుస్తకమో సందర్భమే చెబుతుంది. అందుకే మనవాళ్లు ఇంగ్లిష్ రాసేటప్పుడు ‘ద’ను ఉప్పులా చల్లుతారు, లేదంటే పూర్తిగా మరిచిపోతారు. వందసార్లు ఎర్ర సిరాతో దిద్దినా తలకెక్కనిది, 1967 నవంబరు 22 నాటి భద్రతా మండలి 242వ తీర్మానాన్ని ఒక్కసారి శ్రద్ధగా చదివితే ఎక్కుతుంది. ఆరు రోజుల యుద్ధంలో ఆక్రమించుకున్న భూభాగాల నుంచి ఇజ్రాయెల్ సేనలు వైదొలగాలని చెప్పే ఆ తీర్మానం ఇంగ్లిష్ ప్రతిలో ‘టెరిటరీస్’ ముందు ‘ద’ లేదు. ఫ్రెంచి ప్రతిలో ‘దే తెరిత్వార్’ అని ఉంది. ఆ ‘దే’ను ‘ఆ భూభాగాలు’ అనే అర్థంలో తీసుకోవచ్చు. అన్నీ వదలాలని ఎక్కడుంది అని ఇజ్రాయెల్, మొత్తం వదలాల్సిందే అని అరబ్బు దేశాలు వాదించాయి. అరవై ఏళ్లు కావస్తున్నా ఆ తగవు తెగలేదు. ఇంతకన్నా మంచి వ్యాకరణ పాఠం ఏ గైడులో దొరుకుతుంది?

తీర్మానం నిర్మాణమే ఒక పాఠం. ఎన్ని పేజీలున్నా వ్యాకరణరీత్యా అదంతా ఒకే వాక్యం. పైన ‘భద్రతా మండలి’ అనే కర్త ఉంటుంది. కింద ‘గుర్తుచేసుకుంటూ’, ‘ఆందోళన చెందుతూ’ వంటి అసమాపక క్రియలతో పీఠిక నడుస్తుంది. ఆపైన అంకెలు వేసిన పేరాల్లో సమాపక క్రియలు వస్తాయి, ఆఖరున ఒక్కటే ఫుల్‌స్టాప్. అసమాపక క్రియ అంటే ఏమిటో తెలుగు వ్యాకరణం చదివినవారికి కొత్తగా చెప్పక్కర్లేదు. పీఠికలో ఉన్నది నేపథ్యం, అంకెల పేరాలో ఉన్నది చర్య. ఈ తేడా పట్టుబడితే సగం చదివినట్టే.

మిగతా సగం ఆ సమాపక క్రియల్లో ఉంది. ‘కాల్స్ అపాన్’, ‘అర్జెస్’, ‘డిమాండ్స్’, ‘డిసైడ్స్’ ఒకదానికొకటి పర్యాయపదాలు కావు. చివరిదాని వెనక ఐరాస చార్టర్ 25వ అధికరణం ఉంది: మండలి నిర్ణయాలను సభ్యదేశాలు అంగీకరించి అమలు చేయాలి. మొదటి రెండూ ఎక్కువగా విజ్ఞప్తులు. ఇక్కడ పత్రికలుగా మా వంతు తప్పు కూడా ఒప్పుకోవాలి. ఈ నాలుగింటినీ మేం విదేశీ వార్తల పేజీలో ‘కోరింది’ అని ఒక్క గాటన కట్టేస్తుంటాం. బలప్రయోగం దగ్గరా ఇంతే. కువైట్ ఆక్రమణ తర్వాత 1990లో వచ్చిన 678వ తీర్మానంలో ‘అవసరమైన అన్ని మార్గాలూ’ అని ఉంది. దౌత్యభాషలో దాని అర్థం యుద్ధానికి అనుమతి. 2002 నవంబరులో ఇరాక్‌పై 15 మంది సభ్యులూ ఏకగ్రీవంగా ఒప్పుకొన్న 1441వ తీర్మానంలో ఆ మాట లేదు, ‘తీవ్ర పరిణామాలు’ అని మాత్రమే ఉంది. అదే అనుమతి అవుతుందా అన్న వాదన 2003 దాడి దాకా, ఆ తర్వాతా సాగింది. 2011 మార్చిలో లిబియాపై వచ్చిన 1973వ తీర్మానంలో ‘అవసరమైన అన్ని చర్యలూ’ మళ్లీ కనిపించింది. పది ఓట్లు అనుకూలం. భారత్, చైనా, రష్యా, బ్రెజిల్, జర్మనీ ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి.

వీటిలో ఏదీ కొనాల్సిన పనిలేదు. తీర్మానాలు, సమావేశాల పూర్తి రికార్డులు ఐరాస డిజిటల్ లైబ్రరీలో ఉచితం. మన విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో సంయుక్త ప్రకటనలు, విలేకరుల సమావేశాల పాఠాలు ఉంటాయి. వారానికి ఒక్క తీర్మానం చాలు. మొదటిరోజు క్రియల చుట్టూ సున్నాలు చుట్టాలి. రెండోరోజు సమావేశం రికార్డు తీసి, ఓటుపై ఒక్కో దేశం ఇచ్చిన వివరణ చదవాలి. అక్కడే అసలు రాజకీయం ఉంటుంది. మూడోరోజు 150 మాటల్లో సారాంశం తెలుగులో రాసి, మర్నాడు మూలం చూడకుండా అదే ఇంగ్లిష్‌లో రాయాలి. అప్పుడు మూలంతో పోల్చుకుంటే ‘షల్’ ఎక్కడ ‘విల్’ అయిందో, ‘మే’ ఎక్కడ ఎగిరిపోయిందో తెలుస్తుంది. ఫోన్‌లోని అనువాద యాప్‌తో తెలుగులోకి, మళ్లీ ఇంగ్లిష్‌లోకి తిప్పినా ఈ నష్టమే జరుగుతుంది. కాకపోతే అప్పుడు నష్టం జరిగినట్టు కూడా తెలియదు.

పదాల నోట్‌బుక్ పెట్టుకునేవాళ్లు ఒంటరి మాటలు రాసుకుని లాభం లేదు, జంటలు రాసుకోవాలి. ఆంక్షలు ‘ఇంపోజ్’ చేస్తారు, ‘లిఫ్ట్’ చేస్తారు. ఒప్పందంపై ‘సైన్’ చేస్తారు, ఆనక ‘రాటిఫై’ చేస్తారు. ఈ చివరి రెంటినీ కలిపేయడం మామూలుగా దొర్లే తప్పు. పారిస్ ఒప్పందంపై భారత్ సంతకం చేసింది 2016 ఏప్రిల్ 22న, ధ్రువీకరించింది అక్టోబరు 2న. సమగ్ర అణుపరీక్షల నిషేధ ఒప్పందంపై అమెరికా 1996లోనే సంతకం పెట్టి, ఇప్పటిదాకా ధ్రువీకరించలేదు. భారత్ అసలు సంతకమే పెట్టలేదు.

సిద్ధాంతాల దగ్గర చిక్కు మరో రకం. అక్కడ తెలుగు మాటే దారి తప్పిస్తుంది. ‘అనార్కీ’కి పాఠ్యపుస్తకం ‘అరాచకం’ అంటుంది. మన వాడుకలో అరాచకం అంటే రౌడీల ఆగడాలు. అంతర్జాతీయ సంబంధాల్లో దాని అర్థం వేరు: దేశాల పైన మరో ప్రభుత్వం లేకపోవడం, అంతే. ప్రపంచం ఎంత ప్రశాంతంగా ఉన్నా ఆ అర్థంలో అది అరాచకమే. ఇది తెలియక ‘యుద్ధాల వల్ల అరాచకం ఏర్పడుతుంది’ అని జవాబు రాసి, కార్యకారణాలను తలకిందులు చేసేవారు ఎందరో. ‘స్టేట్’ అంటే మనకు రాష్ట్రం, శాస్త్రంలో రాజ్యం. ‘రెజీమ్’ను పాలన అనుకుంటే, కొన్ని దేశాలు ఒక విషయంలో కలిసి పాటించే సూత్రాలు, నియమాలు, నిర్ణయ పద్ధతుల సముదాయం అనే అర్థం చేజారుతుంది. ఇలాంటివి ముప్ఫై నలభై మాటలుంటాయి. ఒక్కోదానికీ తెలుగులో సొంత నిర్వచనం రాసుకోవడానికి రెండు వారాలు పట్టినా అది వృథా కాదు.

జర్నల్ వ్యాసం చదవడమూ నేర్చుకోవాల్సిన పనే. పదివేల మాటల వ్యాసాన్ని నిమిషానికి వంద మాటల చొప్పున చదివితే గంటా నలభై నిమిషాలు. వారానికి ఐదిస్తే ఎనిమిది గంటలు దాటుతుంది. మొదటి మాట నుంచి చివరి మాట దాకా డిక్షనరీ పట్టుకుని వెళ్లేవారు మూడో పేజీలో ఆగిపోతారు. ముందు సంగ్రహం, తర్వాత ఉపోద్ఘాతంలో చివరి రెండు పేరాలు చదవాలి. రచయిత ఏం వాదించబోతున్నారో మామూలుగా అక్కడే ఉంటుంది. ఆపైన ఉపశీర్షికలు, ముగింపు. ఈ నాలుగూ అయ్యాక వాదన ఏమిటో రెండు వాక్యాల్లో తెలుగులో చెప్పగలిగితేనే లోపలికి వెళ్లాలి.

ఇక రాయడం. ‘చైనా ఒప్పుకుందట’ అంటే తెలుగులో పనైపోతుంది. ఆ చివరి ‘ట’ ఒక్కటే, ఇది నేను చూసింది కాదు, విన్నది అని చెప్పేస్తుంది. ఇంత చక్కటి సౌకర్యం ఇంగ్లిష్‌లో లేదు. ఎవరన్నారు, ఎక్కడన్నారు, ఎంత గట్టిగా అన్నారు అని విడివిడిగా చెప్పాలి. ‘ఆర్గ్యూస్’ అంటే ఆ రచయిత వాదన, ‘క్లెయిమ్స్’ అంటే నాకు కాస్త అనుమానం ఉంది, ‘డెమాన్‌స్ట్రేట్స్’ అంటే నేనూ ఒప్పుకుంటున్నాను. అందరికీ ‘సేస్’ అని రాసేస్తే చదివేవారికి మీరెక్కడ నిలబడ్డారో అర్థం కాదు. అన్నిటికీ ‘ప్రూవ్స్’ అని రాస్తే నవ్వుతారు. తెలుగులో క్రియ చివర వస్తుంది, మన వ్యాసాల్లో అభిప్రాయమూ తరచూ చివరే వస్తుంది. ఇంగ్లిష్ అకడమిక్ వ్యాసంలో అది మొదటి పేరాలోనే రావాలి. ఇది మర్యాదల తేడాయే తప్ప తెలివి తేడా కాదు.

విదేశీ చదువులకు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌కు సిద్ధమైతే ఇదంతా వచ్చేస్తుందన్న భ్రమ కూడా నగరంలో గట్టిగానే ఉంది. ఆ పరీక్షలో రాత భాగం గంటసేపు. ఒకటి 150 మాటలు, ఇంకొకటి 250 మాటలు. ఆధార గ్రంథాల ప్రసక్తి ఉండదు, సొంత అభిప్రాయం చాలు. విశ్వవిద్యాలయంలో ఇచ్చే మూడువేల మాటల వ్యాసం ఆధారాల మీదే నిలుస్తుంది. అందులో మంచి బ్యాండు (స్కోరు) తెచ్చుకుని విదేశానికి వెళ్లినవారూ మొదటి సెమిస్టర్‌లో తడబడటానికి కారణం ఇదే.

రాయడానికి భయపడేవారు ఎంచుకునే దొడ్డిదారి, నాలుగు వ్యాసాల వాక్యాలు తెచ్చి కుట్టేయడం. మోసం చేద్దామని కాదు, తన ఇంగ్లిష్ కన్నా ఆ వాక్యాలు బాగున్నాయని. యూజీసీ 2018 నిబంధనలకు ఆ తేడా పట్టదు. థీసిస్‌లోనో డిసర్టేషన్‌లోనో పోలిక పది శాతం లోపుంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం ఉంటే ఆరు నెలల్లోపు తిరిగి రాసివ్వాలి. 60 దాకా ఉంటే ఏడాది ఆగాలి. అది కూడా దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. పుస్తకం మూసి, తెలుగులో చెప్పుకుని, తర్వాత ఇంగ్లిష్‌లో రాసే అలవాటున్నవారికి ఈ లెక్కలతో పనే ఉండదు.

తెలుగు ఇక్కడ అడ్డంకి కాదు, పనిముట్టు. సివిల్స్ మెయిన్స్‌ను తెలుగులో రాయవచ్చు, ఆప్షనల్‌గా రాజనీతి శాస్త్రం తీసుకున్నా సరే. ఇంగ్లిష్ పేపరు 300 మార్కుల్లో 25 శాతం వస్తే చాలు. చిక్కడపల్లి గ్రంథాలయంలో కూర్చునే చాలామందికి ఇది తెలుసు. తెలుగులో రాద్దామంటే సమకాలీన ప్రపంచ రాజకీయాలపై సరైన పుస్తకాలు లేవన్నది వారి గోడు. ఆ గోడు న్యాయమైనదే.

ఈ విషయంలో హైదరాబాద్‌కు ఉన్నంత సరంజామా ఎన్ని నగరాలకుంది? ఉస్మానియా 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైనప్పుడు పాఠ్యగ్రంథాల కోసం ఏకంగా అనువాద విభాగమే నడిపింది. నేటి ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) 1958లో ఇంగ్లిష్ బోధన కోసమే పుట్టింది. 1968లో ఏర్పడ్డ తెలుగు అకాడమీకి అధ్యక్షుడిగా పనిచేసిన పీవీ నరసింహారావు ఆ తర్వాత విదేశాంగ మంత్రీ, ప్రధానీ అయ్యారు. తార్నాక దగ్గర ఇంగ్లిష్ బోధన నిపుణులు, రాజనీతి ఆచార్యులు పక్కపక్క ప్రాంగణాల్లోనే ఉన్నారు. కలిసి పాఠం చెప్పించడానికి కొత్త భవనమూ, కొత్త కోర్సూ అక్కర్లేదు. మొదటి సెమిస్టర్‌లో వారానికి రెండు గంటలు చాలు. ఒక తీర్మానం, దాని రికార్డు, ఇద్దరు అధ్యాపకులు ఒకే గదిలో. అసైన్‌మెంట్ రెండు విడతలుగా తీసుకోవాలి. మొదటి ప్రతికి మార్కులు వేయకుండా దిద్ది వెనక్కివ్వాలి, రెండో ప్రతికే మార్కులు. ముప్ఫై మంది తరగతిలో ఒక్కో ప్రతికి ఇరవై నిమిషాల చొప్పున పది గంటల పని అది. ఆ పది గంటలను అధ్యాపకుల పనిభారంలో లెక్కగట్టకపోతే ఎవరూ దిద్దరు. అలా లెక్కగట్టాలనే సర్క్యులర్ రావాల్సింది విశ్వవిద్యాలయాల నుంచే, అదీ వచ్చే ఏడాది టైమ్‌టేబుళ్లు వేయకముందే.