ఏసీ మార్చడం మన సంస్కృతి కాదు

హైదరాబాద్‌లో ఈ మధ్య కొందరు యువకులు ప్రమాదకరమైన వాదన ఒకటి లేవదీశారు. ఏసీ చల్లబరచడం మానేస్తే కాగితం, పెన్ను పట్టుకుని కూర్చోవాలట. రిపేరుకు ఎంత, కొత్తదానికి ఎంత, కరెంటు బిల్లులో తేడా ఎంత అని లెక్క వేసి, ఆ పూటే తేల్చేయాలట. పెళ్లి సంబంధాన్నే నెలల తరబడి నానబెట్టే కుటుంబాలకు ఇలాంటి తొందర నేర్పిస్తున్నదెవరో ప్రభుత్వం విచారణ జరిపించాలి.

విండో ఏసీల కాలం నుంచీ మనకో పద్ధతి ఉంది. దాని పేరు గ్యాస్ ఫిల్లింగ్. ఉగాది పచ్చడి తిన్న వారానికి మెకానిక్ వస్తాడు. ఔట్‌డోర్ యూనిట్ మీదున్న పావురాల గూడును గౌరవంగా పక్కకు జరుపుతాడు. గేజ్ తగిలించి, ముల్లు వంక చూసి, "గ్యాస్ అయిపోయింది సార్, నింపితే మస్తు కూలింగ్ వస్తది" అంటాడు. మూడు వేలు తీసుకుంటాడు. నిజంగానే మస్తు కూలింగ్ వస్తుంది, మళ్లీ ఉగాది దాకా.

నాలుగు ముక్కలు చదువుకున్నవాళ్లు ఇక్కడ అడ్డం పడతారు. ఏసీలో గ్యాస్ కాలి ఖర్చయ్యేది కాదంటారు. అన్ని వైపులా మూసేసిన రాగి గొట్టాల్లో అదే గ్యాస్ ద్రవమవుతూ, ఆవిరవుతూ, గదిలోని వేడిని బయటికి మోస్తుందట. తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడిందన్నమాటేనట. ముందు నైట్రోజన్ ఎక్కించి, జాయింట్లకు సబ్బు నురగ పూసి, బుడగ వచ్చిన చోటు పట్టుకుని వెల్డింగ్ చేయాలట. తర్వాత వాక్యూమ్ పంపుతో లోపలి గాలి, తేమ లాగేసి, కంపెనీ రాసిన బరువు ప్రకారం తూకం వేసి మరీ గ్యాస్ నింపాలట. అంతా నిజమే. కానీ చిల్లు మూసేస్తే వచ్చే ఏడాది ఆ అబ్బాయి మన గడప తొక్కుతాడా? చుట్టాలే ఫోన్లు ఎత్తని ఈ రోజుల్లో ఏటా తప్పకుండా వచ్చే మనిషిని అంత తేలిగ్గా పోగొట్టుకుంటామా?

పైగా కారిపోయిన గ్యాస్ ఊరికే పోదు. ఆర్-410ఎ అనే ఏసీ గ్యాస్ ఒక కిలో గాల్లో కలిస్తే, భూమిని వేడెక్కించడంలో అది సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ పెట్టు. అంటే గోడ మీదున్న మన టన్నున్నర ఏసీ ఎవరికీ చెప్పకుండా రెండు టన్నుల పని చేస్తోంది. ఇంకా పాత ఏసీల్లోని ఆర్-22 అయితే ఓజోన్ పొరను కూడా పలకరించి వస్తుంది. 1987లో మాంట్రియల్‌లో కుదిరిన ఒప్పందం కింద ప్రపంచమంతా దాన్ని వదిలించుకునే పనిలో ఉంది. మనం మాత్రం ఏటా డబ్బిచ్చి ఇంటికి పిలిపించుకుంటున్నాం.

చిల్లు ఎందుకు పడుతుందో మూసీ ఒడ్డునో, మురుగు కలిసే చెరువు పక్కనో ఫ్లాట్ కొన్నవారికి బాగా తెలుసు. మురుగు నుంచి లేచే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు ఏసీ కాయిల్‌లోని రాగి గొట్టాలను తినేస్తుంది. బ్రోషర్‌లో అదే "లేక్ వ్యూ". చదరపు అడుగుకు ఇంత అని అదనంగా కట్టాం కూడా. వ్యూ మనకు, వాయువు కాయిల్‌కు.

ఇక నక్షత్రాల సంగతి. మన ఏసీ మీద ఐదు నక్షత్రాల స్టిక్కర్ కొన్ననాటి నుంచీ చెక్కుచెదరలేదు. రిమోట్ మీది ప్లాస్టిక్ కవరూ అంతే. ఈలోగా 2018లో కరెంటు పొదుపును కొలిచి నక్షత్రాలిచ్చే పద్ధతే మార్చారు. 2022 జూలైలో నిబంధనలు మళ్లీ బిగించేసరికి నిన్నటిదాకా ఐదు నక్షత్రాలున్నవి నాలుగుకు దిగాయి. ఏ తప్పూ చేయకుండా, ఉన్న చోటు నుంచి కదలకుండా డిమోషన్ పొందిన ప్రాణిని ఇంట్లోంచి గెంటేయమనడానికి నోరెలా వస్తుంది?

కొత్త ఐదు నక్షత్రాల టన్నున్నర ఏసీ ఏడాదికి ఏడెనిమిది వందల యూనిట్లే కాలుస్తుందని లేబుల్ చెబుతుంది. అది ఏడాదికి 1600 గంటల వాడకం లెక్క. ఆ లెక్క కట్టినవాళ్లకు మా అమ్మ మధ్యాహ్నం సీరియళ్ల గురించి తెలియదు. తెలంగాణలో ఇంటి వాడకం నెలకు 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు మారుతుంది, 400 దాటాక యూనిట్ 9 రూపాయల 50 పైసలు. పాత ఏసీ ఏప్రిల్ బిల్లులోనే మనల్ని ఆ పై శ్లాబులో కూర్చోబెడుతుంది. జీవితంలో పైకి రావడమంటే భయపడేవాళ్లు కొత్తది కొనుక్కోవచ్చు.

అన్నట్టు, స్టార్ లేబుల్ ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని 2020 జనవరి నుంచి నిబంధన ఉంది. మన ఏసీ 16 నొక్కినా గదిని 29 కంటే దిగనివ్వదు. పొదుపులో ప్రభుత్వం కన్నా ఐదు డిగ్రీలు ముందుంది.

ఇంతకీ నిర్ణయం ఎవరిది? ఇంటి సభ పెడితే నాన్నగారు, "మా రోజుల్లో ఎండాకాలం కూడా డాబా మీద తెల్లారుజామున దుప్పటి కప్పుకునేవాళ్లం" అంటారు. (నిజమే. ఆ డాబా మీద ఇప్పుడు పై ఫ్లాట్లవాళ్ల ఔట్‌డోర్ యూనిట్లున్నాయి.) డాలస్ నుంచి బామ్మర్ది, "ఇక్కడ మెకానిక్ గుమ్మం ఎక్కితేనే వంద డాలర్లు బావా, మీరు అదృష్టవంతులు" అంటాడు. అది రిపేరు వైపు ఓటు. పిల్లలు కొత్తది కావాలంటారు, వాళ్లకు ఓటు లేదు. మా ఆవిడ, "వారంటీ ఉందిగా" అంటుంది. ఉంది, గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్‌కు పదేళ్లు. అందుకే కంప్రెసర్ తప్ప అన్నీ పాడవుతాయి. ఒకవేళ అదే పోయినా ఉచితంగా వచ్చేది కంప్రెసర్ మాత్రమే. గ్యాస్, కూలీ, రవాణా మామూలుగా మన ఖాతాలోనే.

2025 సెప్టెంబర్ 22న ఏసీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. ఇప్పుడైనా కొంటారా అని అందరూ అడిగారు. ఇంత తగ్గింది ఇంకొంచెం తగ్గకపోతుందా అని ఆగాం.

ఇలా ఆగగలుగుతున్నామంటే అది పంచాంగం చలవ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఏసీ మీద గొడవలు ముదిరేదీ అప్పుడే. సరే కొనేద్దామని అందరం చెప్పులేసుకునేసరికి మృగశిర వచ్చేస్తుంది. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో చేప ప్రసాదానికి జనం బారులు తీరతారు, నాలుగు చినుకులు పడతాయి, ఫైలు మూసేస్తాం. ఆ తర్వాత ఆషాఢం డిస్కౌంట్లు వస్తాయి. కొనడానికి అదే సరైన సమయం. అయినా వానాకాలంలో ఏసీ ఎవరు కొంటారండీ?

అప్పటికీ లెక్క వేసే తీరతామనే మొండివాళ్ల కోసం చెబుతున్నాను. ఫ్యాన్ తిరుగుతూ, కంప్రెసర్ మాత్రం స్టార్ట్ కాలేక మూలుగుతుంటే చాలాసార్లు పోయేది కెపాసిటర్, కొన్ని వందల రూపాయల వస్తువు. దానికోసం ఏసీ మార్చేవాడు మహాదాత. కాయిల్ ఏటా కారుతున్నా, వారంటీ దాటాక బల్లి పడి ఇన్వర్టర్ బోర్డు కాలిపోయినా, పదేళ్లు దాటిన ఏసీలో కంప్రెసర్ పోయినా, ఆ డబ్బు కొత్తదానికి పెట్టడమే మేలు. రెండు నిమిషాల్లో తేలే సంగతిని ఇలా బయటపెట్టినందుకు కాలనీ మెకానిక్‌లు నన్ను క్షమించాలి.

అయితే కొత్తది కొనడమంటే పాతదాన్ని వదిలించుకోవడమని పొరబడకండి. "పాత ఫ్రిజ్‌లు, పాత కూలర్లు, పాత ఏసీలు కొంటాం" అని మైకులో అరుస్తూ తిరిగే ఆటో అతను రెండు వేలంటాడు. షోరూంవాళ్లు ఎక్స్‌ఛేంజ్ కింద ఇంకో వెయ్యి కలుపుతామంటారు. లోపలున్న రాగికే అంతకన్నా ఎక్కువ వస్తుందని నాన్నగారి అభిప్రాయం. కాబట్టి మెకానిక్‌ను పిలిచి, విప్పడానికి, మళ్లీ బిగించడానికి, పైపులకు, గ్యాస్‌కు కలిపి ఓ ఆరు వేలు ఇచ్చి, దాన్ని చుట్టాల గదిలో పెట్టించడమే లాభసాటి. వేసవి సెలవులకు వచ్చినవాళ్లు ఎన్నాళ్లుంటారన్నది ఇకపై అదే చూసుకుంటుంది.