కెలనియా అంటే ఒక్క విభీషణుడి గుడేనా?

శ్రీలంక రామాయణం టూర్ వెళ్ళొచ్చిన మనవాళ్ళ ఫొటోలు చూస్తే ఒళ్ళు మండుతోంది నాకు. కొలంబోని ఆనుకుని ఉన్న కెలనియాలో బస్సు ఆపుతారు, విభీషణుడికి ఓ దండం, ఓ గ్రూప్ ఫొటో, "టైమ్ లేదు సార్, పదండి పదండి", అంతే! మా గైడూ అదే పాట, గొడవపడి అదే ప్రాంగణంలో ఉన్న బౌద్ధ విహారం లోపలికెళ్ళా.

అసలు సరుకంతా ఆ గోడల మీదే ఉంది బాబూ. సోలియస్ మెండిస్ అనే ఆయన 1930లు, 40ల్లో వేసిన బొమ్మలు. ఒకదాంట్లో హేమమాల, ఆవిడ భర్త దంతకుమారుడు. బుద్ధుడి దంతాన్ని జుట్టులో దాచుకుని కళింగలోని దంతపురం నుంచి లంకకి తప్పించుకొచ్చిన రాకుమారి ఆవిడ. ఆ దంతపురం మన శ్రీకాకుళం జిల్లా, సరుబుజ్జిలి దగ్గరి దంతపురే అని కొందరు చరిత్రకారుల మాట (ఒడిశా వాళ్ళు ఒప్పుకోరు లెండి, అది వేరే పంచాయితీ). ఇప్పుడా దంతం ఉన్న క్యాండీ గుడికెళ్ళి క్యూలో నిలబడతాం గానీ అది ఎక్కడిదో చెప్పే బొమ్మ దాకా వెళ్ళి చూడకుండా వచ్చేస్తాం.

ఇంకోటి వినండి. 1575లో పోర్చుగీసోళ్ళు ఈ విహారాన్ని కూలగొట్టారు. 18వ శతాబ్దంలో మళ్ళీ నిలబెట్టించింది క్యాండీ రాజు కీర్తిశ్రీ రాజసింహ, మదురై నుంచి వెళ్ళిన నాయకర్ల వంశం, అంటే మూలాల్లో తెలుగువాళ్ళే. పుట్టుకతో శైవుడు, విభూతి మానలేదని 1760లో ఆయన్ని చంపడానికి కుట్ర పన్నారు, అందులో భిక్షువులూ ఉన్నారు! అంతకుముందు 1753లో సయామ్ (ఇప్పటి థాయ్‌లాండ్) నుంచి భిక్షువుల్ని రప్పించి చచ్చిపోతున్న బౌద్ధ భిక్షు సంఘాన్ని నిలబెట్టింది కూడా ఈయనే. ఇలాంటి మనిషి గురించి మన పిల్లలకి ఒక్క ముక్క చెప్పం.

విభీషణుడికి దండం పెట్టొద్దని నేననట్లేదు. సింహళ బౌద్ధులకి కూడా ఆయన కాపలా దేవుడే, బుద్ధుడికి పూలు పెట్టి అదే చేత్తో ఇటొచ్చి మొక్కుతారు. పౌర్ణమి నాడు చూడాలి అసలు, తెల్లబట్టలు, చెప్పుల్లేని కాళ్ళు, చేతుల్లో తామరపూలు, బోధిచెట్టుకి పోయడానికి నీళ్ళ కుండలు పట్టుకుని ముసలీ ముతకా అందరూ చుట్టూ తిరుగుతుంటే తోపులాట అన్నదే లేదు, మన గుళ్ళు గుర్తొచ్చి కాస్త కుళ్ళుకున్నా కూడా. జనవరిలో దురుతు పెరహెర అని ఏనుగులతో పెద్ద ఊరేగింపు కూడా చేస్తారు.

కాబట్టి టికెట్లు బుక్ చేసేటప్పుడే అడగండి, కెలనియాలో ఎంతసేపు ఆపుతారని. గంటకి తక్కువంటే ఆటో మాట్లాడుకుని మీరే వెళ్ళండి.