"కొత్త బైబిళ్లలో వచనాలు తీసేశారు" అంటున్నవారు ముందు మన పాత తెలుగు బైబిలు తెరవండి

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘంలోని ఒక పెద్దమ్మగారు రెండు బైబిళ్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. ఒకటి ఆవిడ పెళ్లినాటి తెలుగు బైబిలు. ఇంకొకటి మనవడు కొనిచ్చిన ఇంగ్లీషు ఎన్‌.ఐ.వి. "బాబూ, ఇది ఇంట్లో ఉంచుకోవచ్చా, తీసేయాలా?" అని అడిగారు. ఆవిడ గొంతులో నిజంగానే భయం ఉంది. వాట్సాప్‌లో ఎవరో పంపిన మెసేజ్ చూసి రెండు రోజులుగా టెన్షన్ పడుతున్నారట.

ఆ మెసేజ్ మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది ఇది: ఎన్‌.ఐ.వి. లాంటి కొత్త బైబిళ్లలో 64,575 మాటలు, 45 వచనాలు తీసేశారు. సాతాను బైబిలు అచ్చువేసే కంపెనీయే దీన్ని కొని ఈ పని చేయించింది. యేసు దేవుడని చెప్పే చోట్లే ఏరి కోశారు. కింగ్ జేమ్స్ అనే పాత ఇంగ్లీషు బైబిలు, మన పాత తెలుగు బైబిలు మాత్రమే కల్తీ లేనివి. ఒక్కొక్కటే చూద్దాం. చివరి మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే దాన్ని ఇప్పుడే మీ చేతిలోని పుస్తకంతో సరిచూసుకోవచ్చు.

"మన పాత తెలుగు బైబిల్లో అన్నీ ఉన్నాయి"

లేవు. బైబిల్ సొసైటీ వారి పాత అనువాదం తీసి 1 యోహాను 5వ అధ్యాయం 7, 8 వచనాలు చదవండి. ఆత్మ, నీళ్లు, రక్తం సాక్ష్యమిస్తాయని ఉంటుంది. "పరలోకంలో తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ, ఈ ముగ్గురు ఒక్కటే" అనే కింగ్ జేమ్స్ మాట అక్కడ కనిపించదు. అపొస్తలుల కార్యములు 8:37 తీయండి. కింగ్ జేమ్స్‌లో అక్కడ, ఫిలిప్పు దగ్గర సువార్త విన్న ఐతియొపీయుడైన నపుంసకుడు "యేసుక్రీస్తు దేవుని కుమారుడని నమ్ముతున్నాను" అని ఒప్పుకుంటాడు. మన తెలుగులో ఆ అంకె పక్కన ఉన్నది "ఇదిగో నీళ్లు, నాకు బాప్తిస్మమిచ్చుటకు ఆటంకమేమి" అని అడిగి రథం ఆపించిన మాట, అంటే నిజానికి 36వ వచనంలోని రెండో సగం, 38వ వచనంలోని మొదటి మాట. మన అనువాదకులు ముందున్న వచనాన్ని రెండుగా విడదీసి అంకె ఖాళీ లేకుండా సర్దారు. మత్తయి 17:21 దగ్గరా అంతే, "ప్రార్థన ఉపవాసముల వలననే" అనే వచనం ఉండాల్సిన చోట కొండను పొమ్మనే మాట ఉంటుంది. అంకెలు వరసగా కనిపిస్తుంటే ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది? మన తాతల కాలం నుంచి ఈ వచనాలు లేని బైబిలుతోనే మనం రక్షణ సువార్త విన్నాం, బాప్తిస్మాలు తీసుకున్నాం, త్రిత్వాన్ని నమ్మాం.

ఇంగ్లీషులో కూడా ఇది నిన్నమొన్నటి పని కాదు. 1881లో ఇంగ్లండులో వచ్చిన సవరణ అనువాదంలోనే ఈ మూడూ ప్రధాన పాఠంలో లేవు.

"సాతాను బైబిలు కంపెనీ కొని మార్పించింది"

సగం నిజం ఉంది కాబట్టే జనం నమ్ముతున్నారు. ఎన్‌.ఐ.వి.ని అమెరికాలో అచ్చువేసే జాండర్‌వాన్‌ను ఆ తర్వాత హార్పర్‌కాలిన్స్‌గా మారిన హార్పర్ అండ్ రో సంస్థ 1988లో కొన్నది, నిజమే. సాతాను బైబిలు అనే పుస్తకాన్ని 1969లో అచ్చువేసిన ఏవన్ సంస్థ కూడా 1999లో అదే కంపెనీ చేతికి వచ్చింది, అదీ నిజమే. కానీ ఎన్‌.ఐ.వి. కొత్త నిబంధన వచ్చింది 1973లో, పూర్తి బైబిలు 1978లో. మెసేజ్‌లో చెప్పిన వచనాలు అప్పుడే అడుగు నోటులో ఉన్నాయి. కంపెనీ చేతులు మారడానికి పదేళ్ల ముందు సంగతి ఇది. పైగా అనువాదం మీద హక్కు బిబ్లికా అనే క్రైస్తవ సంస్థది, పాఠాన్ని మార్చే అధికారం విడిగా ఉన్న అనువాదకుల కమిటీది. ఇంకో సంగతి, కింగ్ జేమ్స్ బైబిళ్లు అచ్చువేసే థామస్ నెల్సన్ కూడా 2012 నుంచి హార్పర్‌కాలిన్స్‌దే. ఆ లెక్కన కింగ్ జేమ్స్‌ను కూడా పక్కన పెట్టాలి కదా?

"45 వచనాలు తీసేశారు"

మొత్తంగా ప్రధాన పాఠంలోంచి అడుగు నోటులోకి వెళ్లిన వచనాలు 16. మత్తయిలో 3, మార్కులో 5, లూకాలో 2, యోహానులో 1, అపొస్తలుల కార్యములలో 4, రోమా పత్రికలో 1. ఏదీ దాచలేదు, ప్రతిదానికీ పేజీ అడుగున "కొన్ని రాతప్రతుల్లో ఇలా ఉంది" అని రాసే ఉంది.

అసలు "తీసేశారు" అనే మాటే తప్పు దారి పట్టిస్తోంది. వచనాలకు అంకెలు వేసింది 1551లో, రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు. ఆయన ముందున్న గ్రీకు పాఠం, 1516లో ఎరాస్మస్ మొదలుపెట్టిన అచ్చు ప్రతుల దారిలో వచ్చింది. ఎరాస్మస్ గొప్ప పండితుడే, కానీ బాసెల్ పట్టణంలో ఆయనకు దొరికినవి కొద్దిపాటి రాతప్రతులు, అవీ ఎక్కువగా 12వ శతాబ్దం నాటివి. ప్రకటన గ్రంథం ప్రతికి ఆఖరి ఆకు లేకపోతే చివరి వచనాలను లాటిన్‌లోంచి తిరిగి గ్రీకులోకి తనే రాసుకున్నాడు. అపొస్తలుల కార్యములు 8:37 ఆయన ప్రధానంగా వాడిన ప్రతిలో లేదు. ఇంకో ప్రతి మార్జిన్‌లో కనిపిస్తే, నకలు రాసినవాళ్లు పొరపాటున వదిలేశారనుకుని చేర్చాడు. 1 యోహానులోని ఆ త్రిత్వ వాక్యాన్ని 1516లోనూ 1519లోనూ వేయలేదు, గ్రీకు ప్రతుల్లో తనకు కనబడలేదన్నాడు. విమర్శలు వచ్చాక 1522 ముద్రణలో పెట్టాడు. అక్కడి నుంచే అది 1611 కింగ్ జేమ్స్‌లోకి నడిచింది.

ఆ తర్వాతి కాలంలో పాత ప్రతులు బయటికొచ్చాయి. సీనాయి కొండ దగ్గరి సెయింట్ కేథరిన్ మఠంలో 4వ శతాబ్దపు ప్రతి దొరికింది. 1930లలో ప్రచురించిన చెస్టర్ బీటీ పపైరస్‌లలో (రెల్లు కాగితం మీది పాత రాతప్రతుల్లో) ఒకటి 3వ శతాబ్దానిది, అందులో ఈ నపుంసకుడి భాగం మిగిలి ఉంది, 37వ వచనం లేదు. ఒక్క మాట న్యాయంగా చెప్పాలి: ఆ ఒప్పుకోలు మాట చాలా పాతదే, 2వ శతాబ్దంలోనే ఐరేనియస్ అనే బిషప్ దాన్ని ఎత్తి చెప్పాడు. తొలి సంఘాలు బాప్తిస్మం దగ్గర పలికించిన ఒప్పుకోలు అయ్యుంటుంది, ఫిలిప్పు జవాబు చెప్పకుండానే కథ ముందుకు పోతోందే అనిపించి ఎవరో పక్కన రాసి ఉంటారు. భక్తితో చేర్చినదే. అయినా ఆ పుస్తకం రాసిన లూకా మాట కాదు.

మిగతావాటిలో చాలా వచనాలు ఇంకో చోట చెక్కుచెదరకుండా ఉన్నాయి. నశించినదానిని వెదకి రక్షించుటకు మనుష్యకుమారుడు వచ్చెననే మాట మత్తయి 18:11 దగ్గర లేకపోయినా, జక్కయ్య ఇంట్లో లూకా 19:10లో ఉంది. మార్కు 9:44, 46 రెండూ 48వ వచనంలోని మాటలే. సువార్తలన్నీ కంఠతా వచ్చిన లేఖికుడు ఒకటి రాస్తుంటే చేయి ఇంకోదానిలోకి వెళ్లడం సహజం.

"యేసు దైవత్వాన్ని తగ్గించడానికే ఇదంతా"

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ ఆరోపణే. ఎందుకంటే సాక్ష్యం కొన్ని చోట్ల సరిగ్గా ఎదురుదిశలో ఉంది. యోహాను 1:18లో కింగ్ జేమ్స్, మన తెలుగు "అద్వితీయ కుమారుడు" అంటాయి. అతి పాత పపైరస్‌లు, సీనాయి ప్రతి, వాటికన్ గ్రంథాలయంలో ఉన్న 4వ శతాబ్దపు వాటికన్ ప్రతి మాత్రం అద్వితీయుడైన *దేవుడు* అంటాయి! ఇప్పటి పండితులు ఎక్కువగా వాడే నెస్లే-ఆలండ్ గ్రీకు పాఠం 28వ ముద్రణ 2012లో వచ్చింది. అందులో యూదా పత్రిక 5వ వచనం మార్చారు, ఐగుప్తులోంచి ప్రజల్ని రక్షించినది "ప్రభువు" అని ఉన్న చోట ఇప్పుడు "యేసు" అని ఉంది. క్రీస్తును తగ్గించాలనుకునేవాళ్లు ఇలా చేస్తారా? 1 తిమోతి 3:16 లాంటి చోట పాత ప్రతుల్లో "దేవుడు" అనే మాట లేదు, అదీ ఒప్పుకోవాలి. ప్రతి ఏం చెబితే అది వేశారు, ఏ పక్షానికి లాభమో చూడలేదు.

"అవి ఐగుప్తులో చెడగొట్టిన దొంగ ప్రతులు"

ఆ పాత ప్రతుల గురించి ఈ మాట కూడా వినబడుతుంటుంది. వాటికన్ ప్రతిని 4వ శతాబ్దంలో ఎవరో దిద్దారని అనేవాళ్లు ఉండేవారు. 1950లలో బయటపడిన బోడ్మెర్ పపైరస్‌లలో లూకా, యోహాను సువార్తలున్న ఒకటి దానికంటే పాతదిగా పండితులు చాలాకాలంగా లెక్కకట్టారు, పాఠం మాత్రం దాదాపు వాటికన్ ప్రతిదే. అక్కడితో ఆ వాదన బలం పోయింది.

ఇక ప్రసంగం చేసే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా మాట. ఇవన్నీ నా మీద నమ్మకంతో ఒప్పుకోనక్కర్లేదు. సీనాయి ప్రతి ఫొటోలు 2009 నుంచి అందరికీ ఆన్‌లైన్లో ఉన్నాయి. కేంబ్రిడ్జిలోని టిండేల్ హౌస్ వారి స్టెప్ బైబిల్ ఉచితం, గ్రీకు రాకపోయినా మాట మీద నొక్కితే అర్థం వస్తుంది. నెట్ బైబిల్ అనే ఇంగ్లీషు అనువాదంలో ఎక్కడ ఏ ప్రతి ఏమంటోందో అనువాదకులు నోట్లలో రాసిపెట్టారు. ప్రసంగానికి వచనం ఎంచుకున్నప్పుడు ఆ నోటు చదవడానికి పది నిమిషాలు చాలు.

నేను కిందటి ఈస్టరుకు మార్కు 16 చెప్పాను. 8వ వచనం దగ్గర ఆగి, రెండు అతి పాత ప్రతులు ఇక్కడే ముగుస్తాయని, 9 నుంచి 20 వరకు ఉన్న భాగం లేని ప్రతుల గురించి 4వ శతాబ్దంలోనే సంఘ చరిత్రకారుడు యూసేబియస్ రాశాడని సంఘానికి చెప్పాను. ఆ తర్వాత మిగతా వచనాలు కూడా చదివాం. ఎవరి విశ్వాసమూ కూలలేదు. స్త్రీలు భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదనే ఆ ముగింపు గురించి యవ్వనస్థులు మధ్యాహ్నం భోజనాల దాకా అడుగుతూనే ఉన్నారు. పెద్దమ్మగారికి కూడా అదే చెప్పి, రెండు బైబిళ్లూ తిరిగి ఆవిడ చేతికే ఇచ్చాను.