సీసీ లెక్క గారికి, నోట్లో మట్టితో రాస్తున్న లేఖ

బెంగళూరు

మహారాజశ్రీ సీసీ లెక్క గారికి,

మట్టి దిబ్బల మీద బైకులు పరిగెత్తించే మోటోక్రాస్ రూల్ బుక్కులో, ఇంజన్ సైజు చూసి ఎవరు ఎవరితో పోటీ పడాలో చెప్పే క్లాసుల పట్టికలో ఒక మూల, నాలుగు అంకెల రూపంలో మీరు కొలువై ఉంటారు. 125 టూ స్ట్రోక్‌నీ 250 ఫోర్ స్ట్రోక్‌నీ ఒక గాటన, 250 టూ స్ట్రోక్‌నీ 450 ఫోర్ స్ట్రోక్‌నీ ఇంకో గాటన కట్టేసి, ఇక మీరూ మీరూ తేల్చుకోండని పక్కకు తప్పుకున్న పెద్దమనిషి మీరే. ఇది జరిగి ఇంచుమించు పాతికేళ్లు. అప్పటి బళ్లు తుక్కుకి పోయాయి, అప్పటి కుర్రాళ్లకు బట్టతల వచ్చింది. మీకు మాత్రం రిటైర్మెంట్ లేదు, ట్రాన్స్‌ఫర్ లేదు.

మీ వాదన నాకు కంఠతా వచ్చు. ఫోర్ స్ట్రోక్‌లో ఇంజన్ ఇరుసు, అదే క్రాంకు, రెండు చుట్లు తిరిగితే గానీ ఒకసారి నిప్పు అంటుకోదు. టూ స్ట్రోక్‌లో చుట్టుకొకసారి అంటుకుంటుంది. కాబట్టి దానిది రెట్టింపు బలం, కాబట్టి ఫోర్ స్ట్రోక్‌కి రెట్టింపు సీసీ ఇస్తే సరికి సరి. తొమ్మిదో తరగతి లెక్కల మాస్టారైతే పదికి పది వేసేవారు. అయితే అయ్యా, టూ స్ట్రోక్‌కి ఫోర్ స్ట్రోక్‌లా హెడ్డులో తెరుచుకుని మూసుకునే వాల్వులు ఉండవు. పాత పొగ బయటికి పోతుండగానే కొత్త పెట్రోలూ గాలీ లోపలికి దూరతాయి. ఆ తోపులాటలో కొంత పెట్రోలు కాలకుండానే సైలెన్సర్ దారి పడుతుంది. ఎక్స్‌పాన్షన్ ఛాంబర్ అనే ఆ బానపొట్ట గొట్టం ఉన్నదే, పారిపోతున్న సరుకుని వెనక్కి నెట్టడానికి. ఆ నెట్టుడు కూడా అన్ని స్పీడుల్లో సరిగా కుదరదు. ఇంజన్ గొంతు చించుకుని అరిచే కాస్త మేరలోనే కుదురుతుంది. దాన్నే కుర్రాళ్లు పవర్ బ్యాండ్ అంటారు. అందులో ఉంటే బండి ఎగురుతుంది, దాని కింద ఉంటే నీలుగుతుంది. చుట్టుకొకసారి మండినంత మాత్రాన బలం రెట్టింపు కాదు.

ఈ సంగతి మన రోడ్ల మీద 1985లోనే తేలిపోయింది. ఆ ఏడాది వచ్చిన యమహా ఆర్ఎక్స్ 100 టూ స్ట్రోక్, 98 సీసీ, 11 హార్స్ పవర్. అదే ఏడాది వచ్చిన హీరో హోండా సీడీ 100 ఫోర్ స్ట్రోక్, 97 సీసీ, ఏడు చిల్లర. మహా అయితే ఒకటిన్నర రెట్లు. మీరిచ్చింది రెండు రెట్లు. 450 దగ్గరకొచ్చేసరికి కాస్త చెయ్యి బిగబట్టారు కానీ, 125 వాడి దగ్గర మాత్రం పూర్తిగా కోసేశారు. మిగిలిన ఆ అర రెట్టు ఎవరి ఖాతాలో జమ చేశారో చెప్పండి, మా తమ్ముడు వెళ్లి అడుగుతాడు.

మీరు పుట్టిన ముహూర్తంలో దోషం లేదని నేనూ ఒప్పుకుంటాను. 1990ల్లో ఫోర్ స్ట్రోక్ మోటోక్రాస్ బండి అంటే బరువు. ఒకసారి పడితే, వేడి మీద మళ్లీ స్టార్ట్ చేయడానికి కిక్కు కొట్టీ కొట్టీ కాలు వాచేది. మరోపక్క కాలిఫోర్నియా లాంటి చోట్ల పొగ మీద గొడవ మొదలైంది. పాపం ఫోర్ స్ట్రోక్‌కి ఒక చేతికర్ర ఇద్దామనుకున్నారు. ఇచ్చారు. 1997లో లాస్ వేగాస్ సూపర్‌క్రాస్‌లో, అంటే స్టేడియంలో మట్టి పోసి పెట్టే రేసులో, డగ్ హెన్రీ యమహా వాళ్ల 400 సీసీ ఫోర్ స్ట్రోక్ మీద గెలిచాడు. మరుసటి ఏడాది వైజెడ్ 400ఎఫ్ షోరూములకు వచ్చింది, అదే బండి మీద హెన్రీ అమెరికా 250 క్లాస్ ఛాంపియన్ అయ్యాడు. 2001లో యమహా 250 ఫోర్ స్ట్రోక్, వైజెడ్ 250ఎఫ్, దిగింది, 125ల పని పట్టింది. రోగి లేచాడు, నడిచాడు, పరిగెత్తాడు, అందరికంటే ముందు పరిగెత్తాడు. మీరు మాత్రం ఆ కర్ర వెనక్కి తీసుకోలేదు. దాంతో పక్కవాణ్ణి బాదుతుంటే ‘పాపం, కాలు బాగాలేదు కదా’ అన్నట్టు చూస్తూ కూర్చున్నారు.

తర్వాతి కథ వేగంగా అయిపోయింది. 2007 మోడల్‌తో హోండా తన టూ స్ట్రోక్ మోటోక్రాస్ బళ్లకు మంగళం పాడింది. కవాసాకి, సుజుకీ పెద్ద సైజు టూ స్ట్రోక్‌లు కూడా ఆ రోజుల్లోనే అటక ఎక్కాయి. యమహా మొండిగా నిలబడింది. కేటీఎం అయితే టూ స్ట్రోక్‌కి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టి మరీ అమ్ముతోంది. అమెరికాలో 125 క్లాస్ అన్న బోర్డు పీకేసి 250 క్లాస్ అని, 250 క్లాస్ బోర్డు పీకేసి 450 క్లాస్ అని రాశారు. ఇంటి సొంతదారు పేరు తీసేసి అద్దెకొచ్చినవాడి పేరు చెక్కించడం మా మారతహళ్లిలో కూడా జరగలేదు సార్, ఇక్కడ జరగని రియల్ ఎస్టేట్ వింత అంటూ లేదు.

అదంతా ఫ్యాక్టరీ టీముల గొడవ, మనకెందుకు అంటారేమో. మా గొడవ అమెచ్యూర్లది. వారమంతా వైట్‌ఫీల్డ్‌లో ఏసీలో కూర్చుని, ఆదివారం తెల్లవారకముందే టెంపో వెనకాల బండి కట్టుకుని కోలారు రోడ్డెక్కే జాతి మాది. ఆ రోడ్డు మీద కన్నడం ఎంత వినిపిస్తుందో తెలుగూ అంతే వినిపిస్తుంది. మా చిన్నాన్న కొడుకు ఎవరో వదిలించుకున్న ఒక 125 టూ స్ట్రోక్ కొన్నాడు. ఇంట్లో కారు డౌన్ పేమెంట్ అని చెప్పాడు. ఆ కారు ఇంతవరకు ఎవరూ చూడలేదు.

మీరు ఎప్పుడూ షెడ్డుకి వచ్చి ఉండరు కాబట్టి చెబుతున్నాను. పలమనేరు నుంచి వచ్చి హోస్కోట అవతల షెడ్డు పెట్టుకున్న మెకానిక్ అన్న ఒకాయన ఉన్నాడు. మా వాడు ఐదు లీటర్ల క్యాన్‌లో పెట్రోలు పోసుకొస్తే, అన్న టూ టీ ఆయిల్ డబ్బా తీసి, దగ్గు మందు సీసాతో వచ్చే ప్లాస్టిక్ మూతతో కొలుస్తాడు. పది ఎంఎల్ మూత, లీటరుకి మూడు. పైన ఇంకో చుక్క ‘దేవుడి పేరు మీద’ వేస్తాడు. మూత బిగించి క్యాన్‌ని అటూ ఇటూ ఊపుతాడు. పెట్రోలు లేత నీలం రంగుకి తిరుగుతుంది. ఆయిల్ ఎక్కువైతే ప్లగ్గు పట్టేస్తుంది, తక్కువైతే పిస్టన్ సీజ్, అంటే బిగుసుకుపోతుంది. అందుకే ఆ మూతని ఆయన ఎవరి చేతికీ ఇవ్వడు.

“ఏమప్పా, మళ్లా ప్లగ్గేనా?”

“లేదన్నా, కింద స్పీడులో గుక్కపట్టి ఏడుస్తా ఉంది.”

“ఏడ్చేది బండి కాదులే. నువ్వు భయపడి గ్యాస్ వదిలేస్తా ఉండావు.”

ఇదీ టూ స్ట్రోక్ దగ్గర చదువు. తప్పు ఎవరిదో అక్కడికక్కడే తేలిపోతుంది. మూల తిరిగేటప్పుడు ఒక గేరు ఎక్కువలో ఉన్నారా, అయిపోయారు. క్లచ్ నొక్కీ వదిలీ నొక్కీ వదిలీ దాన్ని మళ్లీ ఆ అరుపు దగ్గరికి తీసుకెళ్లాలి. ఫోర్ స్ట్రోక్‌ది దయగల గుండె. తప్పు గేరులో ఉన్నా కడుపులోంచి లాక్కుంటూ వెళ్లిపోతుంది. గ్యాస్ వదిలితే ఇంజనే సగం బ్రేకు పని చేసిపెడుతుంది. కోలారు వైపు ఎర్రమట్టి ఎండితే గచ్చులా గట్టిపడి, పైన సన్నటి గులక పరుచుకుంటుంది. అలాంటి చోట రేసు మొదలెట్టే గేటు పడగానే టూ స్ట్రోక్ వెనక చక్రం గిర్రున తిరుగుతూ ఉన్నచోటే దుమ్ము లేపుతుంటే, ఫోర్ స్ట్రోక్ మట్టిని పట్టుకుని చక్కా పోతుంది.

మొన్నటి సీజన్లో ఒక క్లబ్బువాళ్లు నోవీస్‌లకు, అంటే కొత్తవాళ్లకు, ‘125 టూ స్ట్రోక్, 250 ఫోర్ స్ట్రోక్’ అని ఒకే క్లాసు పెట్టారు. క్లబ్బు పేరు ఎందుకులెండి, రూలు మీది, వాళ్లు జిరాక్స్ తీశారంతే. మా వాడి 125 పక్కన నిగనిగలాడే 250 ఫోర్ స్ట్రోక్ వచ్చి నిలబడింది. షోరూంలో ఏడెనిమిది లక్షల పైమాటే. మా బండికి ముప్పై అయిదు గుర్రాలు అటూ ఇటూ, దానికి నలభై పైన. తేలికలో పది కిలోల పైగా మాదే పైచేయి. ఆ పది కిలోలతో మా వాడు ప్రతి మూలలోనూ లోపలి నుంచి దూరి ముందుకొచ్చాడు. ప్రతి స్ట్రెయిట్‌లోనూ అవతలి అబ్బాయి మణికట్టు ఒక్క తిప్పు తిప్పి వెనక్కి నెట్టేశాడు. టేబుల్‌టాప్ అనే బల్లపరుపు దిబ్బ దగ్గర మా వాడు ప్రాణం పెట్టి క్లచ్‌తో కుస్తీ పడుతుంటే, ఆ అబ్బాయి కూర్చునే దూకేశాడు! రేసు అయ్యాక అతనే వచ్చి, ‘బ్రో, సూపర్‌గా నడిపావు’ అని భుజం తట్టాడు. మర్యాదస్తుడు. మా వాడికి ఆ మర్యాద ఇప్పటికీ అరగలేదు.

ఇక్కడ మా టూ స్ట్రోక్ భక్తుల గురించి కూడా ఒక మాట అనాలి, లేకపోతే కళ్లు పోతాయి. బెంగళూరులో పాత ఆర్ఎక్స్‌ని లక్షల్లో బేరమాడి కొనుక్కుని, ఆ పొగని సాంబ్రాణిలా పీల్చి, ‘ఇదీ మగాడి బండి’ అనే మహానుభావులు వీధికొకరు ఉన్నారు. వీళ్లలో సగం మంది మట్టి తొక్కరు. జేసీ రోడ్డులో ఒరిజినల్ స్పేర్‌ల కోసం పొద్దుపోయేదాకా తిరిగి, ఇంటికెళ్లి బండి తుడిచి కవర్ కప్పుతారు. టూ స్ట్రోక్ ఓడిపోయింది పొగ వల్ల కూడానని వీళ్ల చెవిలో ఎవరూ చెప్పలేరు. కానీ ట్రాక్ మీద పొగకి మార్కులు వేయడానికి మీరేమీ పొల్యూషన్ బోర్డు కాదు కదా. రేసులో మీ డ్యూటీ సమానమైన పోటీ చూపించడం.

ఖర్చు దగ్గర మాత్రం మీ ముద్దుబిడ్డ అసలు రంగు బయటపడుతుంది. టూ స్ట్రోక్‌కి పిస్టన్, రింగులు అరిగితే అన్న మధ్యాహ్నం భోజనం వేళకి హెడ్ విప్పి, టీ వేళకి బిగించేస్తాడు. ఫోర్ స్ట్రోక్‌లో వాల్వులు, క్యామ్, టైమింగ్ చైను అన్నీ లోపల కాపురం ఉంటాయి. గట్టి స్పీడులో ఒక వాల్వు విరిగి పిస్టన్ మీద పడిందంటే హెడ్డు, పిస్టన్, ఒక్కోసారి క్రాంకు కూడా పోతాయి. అప్పుడు అన్న ఏమీ మాట్లాడడు. చెయ్యి తుడుచుకుని క్యాలిక్యులేటర్ తీస్తాడు. ఫ్యాక్టరీ టీముకి అది ఒక రోజు పని. ఈఎంఐల మీద బతికే మనిషికి అది సీజన్.

ఇంకో విడ్డూరం చూడండి. 2024 చివర్లో కేటీఎం మన దేశంలో అమ్మకానికి పెట్టిన మోటోక్రాస్ బళ్లలో 50, 65, 85 టూ స్ట్రోక్‌లు, 250, 450 ఫోర్ స్ట్రోక్‌లు. అంటే పాలపళ్లు ఊడని పిల్లాడికి టూ స్ట్రోక్. క్లచ్, పవర్ బ్యాండ్, గేరు ఎక్కడ మార్చాలి అన్నది వాడు 65, 85ల మీదే నేర్చుకుంటాడు. మీసం రాగానే, నేర్చుకున్నదంతా పక్కన పెట్టి, నలభై గుర్రాల ఫోర్ స్ట్రోక్ ఎక్కరా నాన్నా అంటారు. నడుమ మెట్టుగా ఉండాల్సిన 125ని ఎక్కినవాడికి గెలిచే దారి మీరే మూసేశారు. తండ్రులేమో 250 కొనిపెట్టి ఆసుపత్రి బయట కూర్చుంటున్నారు. కొందరు మామయ్యలు ఇంకో అడుగు ముందుకేసి నేరుగా 450 కొంటారు. మూడో ల్యాపుకి ముంజేతులు రాళ్లయిపోయి, హ్యాండిల్ పట్టుకోలేక, వదలలేక, బండే వాళ్లని ట్రాక్ చుట్టూ తిప్పి తీసుకొస్తుంది.

ఫోర్ స్ట్రోక్ మీద నాకు పగ లేదు. మన బెంగళూరువాడే సీఎస్ సంతోష్ 2015లో డకార్ ర్యాలీ పూర్తిచేసిన మొదటి భారతీయుడయ్యాడు, 36వ స్థానం, 450 ఫోర్ స్ట్రోక్ మీదే. ఎడారిలో రోజుల తరబడి నడపడానికి అదే సరైన బండి. కానీ అక్కడ అందరికీ ఒకే హద్దు, 450 దాటకూడదు, అంతే. మా మట్టి దిబ్బ మీద మాత్రం ఒకడికి ఒక మూర, ఇంకొకడికి రెండు మూరలు కొలిచి ఇచ్చి, చొక్కా ఎవరిది బాగా కుదిరిందో పోటీ పెట్టారు.

కాబట్టి నా మనవి ఇది. అమెచ్యూర్ క్లాసుల్లో 250 టూ స్ట్రోక్‌ని 250 ఫోర్ స్ట్రోక్ పక్కన నిలబడనివ్వండి. ‘అమ్మో, దానికి అయిదారు గుర్రాలు ఎక్కువ’ అంటారు. ఎక్కువే. నోవీస్ చేతిలో ఆ గుర్రాలు సగం దారిలో కట్టు తెంచుకుని పోతాయి, గేటు దగ్గరే కొన్ని పోతాయి. అయినా మా 125కి అయిదారు గుర్రాలు తక్కువై ఇన్నేళ్లుగా దుమ్ము తింటుంటే మీకు ఒక్క రాత్రి నిద్ర చెడిందా? ఒకవేళ ఇది మరీ ఎక్కువ అనిపిస్తే, 125 టూ స్ట్రోక్‌లకు విడిగా ఒక క్లాసు పెట్టించండి. ట్రోఫీ చిన్నదైనా ఫరవాలేదు, మా వాడి గది కూడా చిన్నదే.

ఇట్లు,
ఆదివారాలు టెంపో డ్రైవర్ పక్క సీట్లో కూర్చునే ఒక అన్నయ్య

తా.క.: ఎంట్రీ ఫారంలో సీసీకి ఒక గడి ఉంది, రక్తం గ్రూపుకి ఒక గడి ఉంది, ఇన్‌స్టాగ్రామ్ ఐడీకి కూడా ఒకటి ఉంది. ఇంజన్ ఏ స్ట్రోకో రాయడానికి గడి లేదు. వచ్చే సీజన్ ఫారాలు ప్రింటుకి వెళ్లేలోపు అదైనా వేయించండి. జాగా చాలకపోతే ఇన్‌స్టాగ్రామ్‌ది కొట్టేయండి.