చెక్కు సరే, అన్‌లోడింగ్ ఎవరిది?

అమెరికాలో కొత్త ట్రక్ డ్రైవర్లకు డాలర్ స్టోర్ల (చవక సరుకుల దుకాణాల) డెడికేటెడ్ రూటే, అంటే ఎప్పుడూ ఒకే కంపెనీ స్టోర్లకు సరుకు చేర్చే పనే మేలు, వారం జీతం చెక్కు పెద్దది అని ఒకరు రాశారు. పెద్దదే, కాదనను. డాలస్ నుంచి ఏడాది ఆ పని చేశాను. స్టోరు వెనక ఇరుకు సందులో 53 అడుగుల ట్రైలర్ రివర్స్ పెట్టి, జులై ఎండలో సరుకు నింపిన చక్రాల బోనులు ఒక్కొక్కటే కిందకు తోయాలి. నీళ్ల బాటిళ్ల బోను వాలు మీద జారిందా, ఇక దేవుడే దిక్కు! పైగా డ్యూటీ ఎక్కిన 14 గంటలు దాటాక బండి నడపకూడదు, అందులో డ్రైవింగ్ 11 గంటలే. అన్‌లోడింగ్ ఆ 14 గంటల్నే తినేస్తుంది. ఇప్పుడు ట్రైలర్ వదిలేసి ఇంకోటి తగిలించుకొచ్చే రూటులో ఉన్నాను. చెక్కు కాస్త తగ్గింది, నడుముకు బెల్టు మాత్రం తీసేశాను. చేరేముందు మైలుకెంత అని ఒక్కటే అడక్కండి. స్టాపుకెంత, సరుకు దించేదెవరు, గేటు దగ్గర కాచుకుంటే డబ్బులిస్తారా, అవీ అడగండి.