పొల్యూషన్ సర్టిఫికెట్ గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ పొల్యూషన్ సర్టిఫికెట్ గారికి,

ఉభయకుశలోపరి. నా స్కూటర్ డిక్కీలో, ఆర్సీకీ ఇన్సూరెన్స్ కాగితానికీ మధ్య మీరు మడత నలగకుండా పడుకుని ఉన్నారు. స్కూటరే అంత క్షేమంగా లేదు. 2012 మోడల్. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఎదురింటి అత్తయ్యగారు కిటికీ మూసేస్తారు. దోమల మందు కొట్టే బండి అనుకుని మొదట్లో వీధి పిల్లలు వెంటపడేవాళ్లు కూడా.

అయినా మీరుండగా నాకేం భయం? మీ పుట్టుక నా కళ్లారా చూశాను. పెట్రోలు బంకు పక్కన పొగ పరీక్ష చేసే వ్యాను, అందులో ఓ కుర్రాడు. "బండి స్టార్ట్ చేయనా తమ్ముడూ?" అన్నాను. "అక్కర్లేదు అంకుల్, నంబర్ ప్లేటు కనబడితే చాలు" అన్నాడు. ఫొటో తీశాడు, ప్రింటరు కుయ్యిమంది, మీరు పుట్టారు. ఆపేసిన ఇంజన్‌లోంచి కార్బన్ మోనాక్సైడ్ ఎంత వచ్చిందో పాయింటు తర్వాత రెండంకెల దాకా మీ ఒంటి మీద అచ్చయింది! జాతకం రాయడానికి మా సిద్ధాంతిగారైనా పుట్టిన టైమ్ అడుగుతారు.

మీ బంధువులు, అంటే కొత్త బళ్ల పొగకు హద్దు గీసే నిబంధనలు, మాత్రం బాగా చదువుకున్నారు. 2000లో యూరప్ నిబంధనలు చూసి ఒకటో తరగతిలో చేరారు. తర్వాత భారత్ స్టేజ్ రెండు, మూడు, నాలుగు. ఐదు చదవకుండానే డబుల్ ప్రమోషన్ కొట్టి 2020 ఏప్రిల్ 1న ఆరులో కూర్చున్నారు. దానికోసం పెట్రోలు, డీజిల్‌లో గంధకం 50 పీపీఎం (పది లక్షల పాళ్లలో 50) నుంచి 10కి దించారు. వెటకారం కాదు, ఇది నిజంగా పెద్ద పనే.

మధ్యలో 2017 ముచ్చట ఒకటుంది. మార్చి 29, సరిగ్గా ఉగాది రోజున, ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 (భారత్ స్టేజ్ మూడు) బళ్లు అమ్మకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ఇక చూడండి, ఆషాఢం సేల్ మార్చిలోనే వచ్చేసింది. వేలకు వేలు తగ్గించారు. "పొగ ఎక్కువట కదరా" అంటే "రేటు తక్కువ కదా బావా" అన్నాడు మా బావమరిది. గడువులోపు అమ్ముడైన ఆ బళ్లకీ ఇప్పుడు మీ ఆశీస్సులే దిక్కు.

అసలు సంగతి అక్కడే ఉంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఐఐటీ ఎంట్రన్స్, గేటు దాటాక మీరు. పెట్రోలు బండికి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తారు. డీజిల్‌దైతే పొగ ఎంత చిక్కగా ఉందో చూస్తారు. ఊపిరితిత్తుల్లోకి దూరే సన్నటి ధూళి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎంతని విడిగా అడగరు. సిలబస్‌లో లేవు మరి.

కానీ మీరు చేతిలో లేకపోతే? 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. అందుకే మా వీధిలో పొగ చూసి ఎవరికీ టెన్షన్ రాదు, మీ మీది తేదీ చూస్తేనే వస్తుంది.

బీఎస్-4, బీఎస్-6 బళ్లకి ఏడాది తోడుంటారు, మా పాత బండికి ఆరు నెలలే. వచ్చే వారంతో మీ ఆయుష్షు తీరిపోతోంది. వ్యాను దగ్గరికి వద్దామంటే స్కూటర్ స్టార్ట్ కావడం లేదు. నంబర్ ప్లేటు విప్పి ఆటోలో పట్టుకు రమ్మంటారా?

ఇట్లు,
మీ ఆరునెలల చుట్టం